ఈల టీచర్ పిల్లలకు ఆయాసం రాదు

మా ఆడపడుచుతో వేగడం కంటే మా ఆయనతో వేగడం సులువు. ఆయనకు కోపం వస్తే మాట్లాడడు, అంతే. ఆవిడకు కోపం వస్తే ఈల ఊదుతుంది. ఇంట్లో, వంటగదిలో, నా చెవి పక్కన! నేను ముందు గదిలో మిషను మీద కుట్టుకుంటుంటే వెనక నుంచి వచ్చి, "వెన్ను నిటారుగా పెట్టు మరదలా, గూనిదానివైపోతావ్" అని వీపు మీద ఒక్కటి చరుస్తుంది. ఆ దెబ్బకు సూది దారి తప్పి ఎన్ని కాలర్లు వంకరపోయాయో చెప్పలేను.

మా వదిన బడిలో ఆటల టీచరు. పిల్లలే కాదు, పిల్లల తల్లిదండ్రులు కూడా ఈల టీచర్ అనే అంటారు, ఎందుకంటే వాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గర పరుగెత్తినవాళ్ళే. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉన్నప్పుడు ఎవరైనా సంబంధం అని నోరు తెరిస్తే వాళ్ళ చేతికి స్కిప్పింగ్ తాడు ఇచ్చి, "ముందు మీరు కాసేపు ఎగరండి, తరవాత మాట్లాడుకుందాం" అనేదట. ఒక పెద్దాయన నిజంగానే ఎగిరి నడుం పట్టేసి మంచం ఎక్కాడట. ఆ తరవాత ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

బడి వెనక ఉన్న మైదానం ఒకప్పుడు ముళ్ళకంపలూ పగిలిన సీసాలూనట. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడే పలుగూ పారా పట్టుకుని పిల్లల్ని వెంటేసుకుని చదును చేయించింది. ఇప్పటికీ పరుగు గీతలు ఆవిడే వేస్తుంది. రేకు డబ్బా అడుగున చిల్లులు పొడిచి, సున్నం పోసి, వంగి నడుచుకుంటూ పోతుంది. ఎండకు నల్లబడిన మొహం మీద ఆ సున్నం పడి, ఇంటికి వచ్చేసరికి చూడటానికి ఒక వేషంలా ఉంటుంది. అయినా సరే, ఆ గీతల మీద ఎవడైనా సైకిల్ తొక్కాడంటే వాడి పని అయిపోయినట్టే.

పిల్లలకు ఆవిడ నేర్పే మొదటి పాఠం పరుగు కాదు. గీత దాటాక ఎలా నిలబడాలో నేర్పుతుంది. వంగకూడదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టకూడదు. నోరు తెరిచి రొప్పకూడదు. వెన్ను నిటారుగా, నోరు మూసి, ముక్కుతో. "ఆయాసం రావడం తప్పు కాదర్రా, చూపించడం తప్పు" అంటుంది. దాని వెనక ఒక కథ ఉంది. చిన్నప్పుడు ఆవిడ ఒక పెద్ద పరుగులో అందరికంటే ముందు వచ్చి, గీత దాటగానే వంగిపోయి రొప్పిందట. ఎంపిక చేసే పెద్దమనిషి చూసి, "ఈ పిల్లకు దమ్ము లేదు" అని రెండో పిల్లను పంపించాడట. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. ఆ కోపంతోనే ఇన్నేళ్ళు పిల్లల్ని తయారు చేసింది. మిగతా బళ్ళ పిల్లలు గీత దాటి కుప్పకూలుతుంటే మా బడి పిల్లలు సైనికుల్లా నిలబడి ఉండేవాళ్ళు. ఈల టీచర్ పిల్లలకు ఆయాసం రాదని ఒక పేరు. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం.

అదీ ఆవిడ సంగతి. ఇక నా బాధ చెప్తాను.

నాకు ఒక్కతే కూతురు. అడుగులు వేసిన రోజునే పరుగు మొదలుపెట్టిందని మేనత్తే దానికి తూనీగ అని పేరు పెట్టింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. అమ్మాయిల జట్టులో అదే ముందు. ఈ సంవత్సరం పెద్ద పోటీలకు ఎంపిక పరుగు మా బడి మైదానంలోనే పెడతారని తెలిసినప్పటి నుంచి అత్తా మేనకోడళ్ళిద్దరికీ వేరే మాట లేదు. చలికాలం. చీకటి విడవకముందే ఇద్దరూ ప్రాక్టీసుకు పోయేవాళ్ళు. తెల్లవారుజాము గాలి అంత శుభ్రమైన గాలి ఇంకోటి లేదని మా వదిన నమ్మకం.

ఒక ఆదివారం బడి లేదు కాబట్టి తూనీగ ప్రాక్టీసు నుంచి నేరుగా ఇంటికి వచ్చింది. జట్టుకు కొత్త జెర్సీలు నేనే కుడుతున్నాను. "ఛాతీ కొలత ఇచ్చి పో" అని పిలిచాను. టేపు చుట్టి, కొలత చూడటానికి వంగాను. దాని వీపులోంచి సన్నగా కీచుమని వినిపించింది. ముందు మిషను చక్రం అనుకున్నాను. మిషను ఆగి ఉంది.

"ఊపిరి పీల్చు."

పీల్చింది. టేపు కొంచెం బిగిసి ఆగిపోయింది.

"ఇంకా పీల్చవే."

"ఇంతే అమ్మా. చాల్లే, వదులు" అని నా చేతులు విడిపించుకుని స్నానానికి పోయింది. బాత్రూములో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు చాటున దగ్గు. చాలాసేపు.

ఆ సాయంత్రమే వీధి చివరి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన వీపు మీద, ఛాతీ మీద చల్లటి బిళ్ళ పెట్టి విన్నాడు. తూనీగ హాయిగా గాలి పీల్చి వదిలింది. కీచు లేదు, గీచు లేదు. "అమ్మాయి బాగుందమ్మా, మీరే కంగారు పడుతున్నారు" అన్నాడు. బయటికి వస్తూ అది నా వంక చూసిన చూపు ఉంది చూశారూ, నేనేదో దాని పరువు తీసినట్టు. మర్నాడు పొద్దున బడి గేటు దగ్గర కాపు కాసి వీపుకు చెవి పెడదామంటే, దాని స్నేహితురాళ్ళ ముందు నన్ను చంపేస్తుంది.

అప్పటి నుంచి నాకు కుదురు పోయింది. అది చదువుకుంటుంటే వింటాను. నిద్రపోతుంటే వింటాను. అన్నం తింటుంటే వింటాను. సాయంత్రాలు ఏమీ ఉండదు. పొద్దుటి పూట మాత్రం అది నా కళ్ళ ముందు ఉండదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని. కుట్టాల్సిన చోట విప్పాను, విప్పాల్సిన చోట కుట్టాను. ఒకావిడ జాకెట్టుకు రెండు ఎడమ చేతులు పెట్టి తిట్లు తిన్నాను.

అసలు విషయం నాకు తెలియనిది కాదు. మైదానం గోడకు అవతలే బస్సు డిపో. మా ఆయన ఆ డిపోలోనే మెకానిక్కు. తెల్లవారుజామున బస్సులన్నీ వరసగా స్టార్ట్ చేసి పెట్టడం ఆయన డ్యూటీ. వేసవిలో ఆ పొగ పైకి పోతుంది గానీ, చలికాలం పోదు, గోడ దిగి వచ్చి మైదానంలో కూర్చుంటుంది. నేను నిలదీశాను.

"ఆ ఇంజన్లు అంతసేపు తిప్పకపోతే ఏమండీ?"

"బ్రేకులు గాలితో పని చేస్తాయే. ఇంజను తిరిగితేనే ట్యాంకులో గాలి నిండుతుంది. నిండకుండా బండి గేటు దాటిస్తే, పోయేది నా ఉద్యోగం కాదు, జనం ప్రాణాలు."

గోడ అవతల తమ్ముడు పొగ వదులుతాడు. గోడ ఇవతల అక్క ఆ పొగలో పిల్లల్ని పరుగెత్తిస్తుంది. మధ్యలో నా కూతురు పీలుస్తుంది. సాయంత్రం అక్కాతమ్ముళ్ళిద్దరూ గుమ్మంలో చేరి టీ తాగుతూ నా చాదస్తం గురించి నవ్వుకుంటారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

బస్సులు ఆగవు. మరి ప్రాక్టీసు సాయంత్రానికి మార్చుకోవచ్చు కదా? అదే అడిగాను వదినను.

"సాయంత్రమా! ఎండలో అలిసిపోయిన ఒంటితోనా? ఏం తెలుసని మాట్లాడతావ్ మరదలా? పొద్దుటి గాలి అమృతం."

"ఆ అమృతం మా ఆయన చొక్కా నిండా నల్లగా అంటుకుని వస్తోంది. ఉతికేది నేను."

"అయితే సబ్బు మార్చు" అని వెళ్ళిపోయింది. గోడకు చెప్పుకున్నా కాస్త ఆలోచించేదేమో.

అలాంటి సమయంలో వచ్చింది కాలేజీ అమ్మాయి. మెడికల్ కాలేజీలో ఊపిరితిత్తుల మీద చదువుకుంటోందట. గాలిలో పొగ ఎక్కువైన పూట బడిపిల్లల ఊపిరి ఎంత తగ్గుతుంది, ఎంతసేపటికి తిరిగి వస్తుంది అని చూడాలట. మైదానం గోడకు ఒక చిన్న డబ్బా తగిలించింది, అది గాలిలో పొగనీ దుమ్మునీ కొలుస్తుంది. పిల్లల కోసం ఒక ఊదే గొట్టం తెచ్చింది. నిండా గాలి పీల్చి ఒక్క ఊపున ఊదితే పక్కన ముల్లు జరుగుతుంది. ఎంత దూరం జరిగితే ఊపిరి అంత బలంగా ఉన్నట్టు. నోట్లో పెట్టుకునే చివరకు తొడిగే అట్టమూతి మాత్రం ఎవరిది వాళ్ళకే. పిల్లలు ఆ అమ్మాయికి గొట్టం డాక్టరమ్మ అని పేరు పెట్టేశారు.

పాపం, ఆ అమ్మాయి హాస్టలు చాలా దూరం. అంత పొద్దున్నే బస్సు దొరకదు. బస్సులన్నీ మా ఆయన దగ్గర పొగ వదులుతూ ఉంటాయి కదా! అందుకని గొట్టం వదిన చేతికే ఇచ్చింది. "పరుగుకు ముందు ఒకసారి, పరుగయ్యాక ఒకసారి ఊదించండి టీచర్, ఆ అంకెలు ఫోన్లో పంపండి చాలు" అంది. వదిన మహా శ్రద్ధగా ఒప్పుకుంది. మొదటి రోజే గొట్టం ఇంటికి తెచ్చి అందరిచేతా ఊదించింది. సాయంత్రం పూట. మా ఆయన ఊదాడు, నేను ఊదాను, తూనీగ ఊదింది. అది నన్ను దాటేసింది. "చూశావా, కుర్చీకి అతుక్కుపోయినవాళ్ళ ఊపిరి ఇలాగే ఉంటుంది" అని వదిన నాకు ఒక పాఠం చెప్పింది. నాకు కోపం రాలేదు. అది నన్ను దాటినందుకు లోపల సంతోషమే వేసింది.

కొన్ని వారాలు గడిచాక కాలేజీ అమ్మాయి తలగోక్కుంటూ వచ్చింది. గోడ మీది డబ్బా గాలి పాడుగా ఉందని మొత్తుకుంటోంది. పిల్లల ఊపిరి మాత్రం పరుగుకు ముందు ఎంతో, తరవాతా అంతే. కొందరికి ఇంకాస్త ఎక్కువ కూడా. "డబ్బా ఒకటి చెప్తోంది, పిల్లలు ఇంకోటి చెప్తున్నారు. నాకేం అర్థం కావట్లేదు టీచర్" అంది.

"నీ డబ్బా పాడైంది తల్లీ. నా పిల్లలు పాడవరు" అంది వదిన. ఆ రోజు ఇంట్లో ఆవిడ నడక చూడాలి. నేల మీద కాళ్ళు ఆనలేదు. హెడ్మాస్టరు పిల్లలందరినీ వరసలో నిలబెట్టి, మన బడి పిల్లల ఊపిరి ఉక్కు అని ప్రసంగం కూడా చేశాడట. డాక్టరు లేదన్నాడు, గొట్టం లేదంది, ఇంకా నేనేం మాట్లాడను? కానీ చెవి ఊరుకోదే. ఆ కీచు నా చెవిలోనే ఉండిపోయింది.

ఎంపిక పరుగుకు ముందు రోజు జెర్సీలు పూర్తయ్యాయి. సంచిలో వేసుకుని తెల్లవారుజామునే నేనే మైదానానికి పట్టుకెళ్ళాను. ఇచ్చే వంకతో ఒకసారి చూడొచ్చని. గోడ అవతల ఇంజన్లు గురగురమంటున్నాయి. లైటు స్తంభాల కింద పొగ తేలుతోంది. నా కళ్ళు మండాయి. ఆ పొగలోంచి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గీత దాటారు. దాటి, నిటారుగా నిలబడ్డారు. నోళ్ళు మూసి, ముక్కులు ఎగరేస్తూ. చూడటానికి ఎంత బాగుందో! నాకే ఒక్క క్షణం, నేను ఉత్తి పిచ్చిదాన్ననిపించింది.

"మొహాలు కడుక్కుని, నీళ్ళు తాగి, నిమ్మళించి రండి" అంది వదిన. పిల్లలు నీళ్ళ ట్యాంకు వైపు పోయారు. జెర్సీలు అక్కడే ఇచ్చేద్దామని నేనూ వెనకాలే వెళ్ళాను.

ట్యాంకు ముందు బఠాణీ అనే పిల్ల నిలబడి ఉంది. జట్టులో అందరికంటే చిన్నది, పొట్టిది. నన్ను చూసి గాభరాగా రెండు చేతులూ చాపింది, దారి ఆపుతున్నట్టు. "ఎవరూ లేరు ఆంటీ అక్కడ" అంది. దాన్ని తప్పించుకుని ట్యాంకు వెనక్కి పోయాను.

అందరూ అక్కడే ఉన్నారు. గోడకు చేతులు ఆనించి, వంగి, దగ్గుతున్నారు. చప్పుడు బయటికి పోకుండా మోచేతుల్లో మొహాలు పెట్టుకుని దగ్గుతున్నారు. ఒకళ్ళ వీపు ఒకళ్ళు రాస్తున్నారు. జట్టులో పొడుగ్గా ఉండే అమ్మాయి నేల మీద చతికిలబడి కళ్ళు మూసుకుని ఉంది. చివర్లో నా కూతురు. పెదాలు తెల్లగా పాలిపోయి, భుజాలు చెవులదాకా ఎత్తి ఊపిరి లాగుతోంది. కాపలా మార్చుకోవడానికి ఒక పిల్ల లేచి బఠాణీ చోటికి వెళ్ళింది. బఠాణీ వచ్చి తన వంతు దగ్గుకుంది.

సంచి పక్కన పడేసి దాని దగ్గరికి వెళ్ళాను.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

తూనీగ నా చెయ్యి పట్టుకుంది. మాట రావడానికి దానికి కాస్త సమయం పట్టింది. "అమ్మా, అత్తకు చెప్పకు. నీకు దండం పెడతాను. కాసేపుంటే పోతుందిది. రోజూ పోతుంది. రేపు సెలక్షన్ అమ్మా."

"అత్తకు చెప్తే ఏమవుతుంది?"

"బాధపడుతుంది" అంది.

తీసేస్తుంది అనలేదు. తిడుతుంది అనలేదు. బాధపడుతుంది అంది.

నిజంగానే కాసేపటికి పోయింది. దగ్గులు ఆగాయి, మొహాలకు రంగు వచ్చింది, అందరూ కడుక్కుని ముందుకు వెళ్ళారు. అప్పుడు, అంతా నిమ్మళించాక, షెడ్డు కింద వదిన గొట్టం తీసింది. "ఆయాసం తగ్గిందా? బాగా తగ్గిందా? అయితే ఊదు."

నేను అక్కడే నిలబడిపోయాను. "ఇప్పుడా వదినా కొలిచేది?"

"మరి? రొప్పుతున్న పిల్లను పట్టుకుని కొలుస్తారా ఎవరైనా? అది అన్యాయం కదే. ఎవరి బలం వాళ్ళది పూర్తిగా చూపించుకునే అవకాశం ఇవ్వాలి."

ఒట్టేసి చెప్తున్నాను, ఆవిడ మనసులో పిసరంత మోసం లేదు. పరుగైన వెంటనే కొలవమని ఆ కాలేజీ అమ్మాయి విడమరిచి చెప్పలేదు, చెప్పక్కర్లేదనుకుంది. మా వదినకేమో జీవితమంతా ఒకటే పని, పిల్ల బలం బయటికి కనబడేలా నిలబెట్టడం. పోయిన ఊపిరి తిరిగి వచ్చేదాకా ఆగి, వచ్చిన ఊపిరిని కొలిచి, పోలేదని పంపింది.

ఆ సాయంత్రం వంటగదిలో చెప్పేశాను. తూనీగ ముఖం చూస్తే నోరు రాదని, అది పక్కింటికి వెళ్ళినప్పుడు చెప్పాను. ట్యాంకు, కాపలా, మోచేతులు, అన్నీ. వదిన ముందు నవ్వింది.

"నా పిల్లలు నా దగ్గర దగ్గు దాచుకుంటారా? నా దగ్గరా?"

"నీ దగ్గరే దాచుకుంటారు. నా దగ్గరెందుకు దాచుకుంటారు? నా మాటంటే ఎవరికి లెక్క?"

నవ్వు ఆగిపోయింది. టీ కప్పు కింద పెట్టింది. మా ఆయన గుమ్మంలో నిలబడి వింటున్నాడు, ఆయనా నవ్వలేదు. "అక్కా, ఒకసారి చూడరాదూ" అన్నాడు మెల్లగా. తమ్ముడు తన మాటకు ఎదురు చెప్పడం ఆవిడ ఎరగదు.

"రేపు పొద్దున వామప్ అవగానే ఊదిస్తాను" అంది నాతో. "నీ ఎదురుగానే. తేడా రాలేదంటే ఈ జన్మలో నా మైదానం వైపు కన్నెత్తి చూడకూడదు."

"వస్తే?"

ఆవిడ కప్పులో టీ అలాగే వదిలేసి మేడ మీదికి పోయి అటూ ఇటూ నడిచింది. ఆ నడక చప్పుడు నా నెత్తి మీద ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

మర్నాడు మైదానంలో పొగ ఇంకా చిక్కగా ఉంది. మిగతా బళ్ళ పిల్లలు వ్యాన్లలో దిగారు. ఆ వ్యాన్లు కూడా ఇంజన్లు ఆపలేదు, లోపల డ్రైవర్లు వెచ్చగా కూర్చున్నారు. ఎంపిక చేసేవాళ్ళిద్దరూ మఫ్లర్లు చుట్టుకుని ప్లాస్టిక్ కుర్చీల్లో ఉన్నారు. హెడ్మాస్టరు కొత్త కోటు వేసుకుని చేతులు నలుపుకుంటూ తిరుగుతున్నాడు.

వదిన తన పిల్లల్ని వరసగా ఊదించింది. ముల్లు అందరికీ రోజూ ఆగే చోటే ఆగింది. తరవాత వామప్. పిల్లలు పొగలోకి పోయి, చుట్టు తిరిగి వచ్చారు. అందరికంటే ముందు తూనీగ గీత దాటి నిటారుగా నిలబడింది. వదిన గొట్టం దాని నోటి ముందు పెట్టింది.

"ఊదు."

తూనీగ ట్యాంకు వైపు చూసింది. "నీళ్ళు తాగొస్తాను అత్తా."

"ఊది పో."

ఊదింది. ముల్లు కాస్త జరిగి ఆగిపోయింది.

"బద్ధకంగా ఊదావ్. మళ్ళీ."

రెండోసారి ఇంకా ముందే ఆగింది. మూడోసారి ఊదబోయి అది కళ్ళు మూసుకుంది. వదిన గొట్టం లాక్కుని పొడుగమ్మాయికి ఇచ్చింది. తగ్గింది. బఠాణీకి ఇచ్చింది. తగ్గింది. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ, మొత్తానికి అందరికీ తగ్గింది. వదిన గొట్టాన్ని అరచేతిలో కొట్టింది, లోపలికి తొంగి చూసింది, కొత్త అట్టమూతి పెట్టి నా చేతిలో పెట్టింది.

"నువ్వు ఊదు మరదలా. పాడైందేమో ఇది."

ఊదాను. ముల్లు మొన్న ఇంట్లో ఆగిన చోటే ఆగింది. నా కూతురి ముల్లు ఆగిన చోటుకంటే అది చాలా దూరం. నాకు ఏడుపొచ్చింది. మిషను ముందు కూర్చుని కాలర్లు కుట్టుకునేదాన్ని, నేను దాన్ని దాటడమేమిటి!

హెడ్మాస్టరు పరుగులాంటి నడకతో వచ్చాడు. "ఏంటి టీచర్ ఇంకా ఆలస్యం? అందరూ చలికి చస్తున్నారు. ఈల ఊదండి."

"ఊదను సార్. పొగ పోనివ్వండి, ఎండ ఎక్కాక పెడదాం."

"ఇన్నేళ్ళుగా మీ ప్రాక్టీసు ఇదే టైము, ఇదే మైదానం. ఇవాళే పొగ కనిపించిందా మీకు?"

"అవును సార్. ఇవాళే కనిపించింది."

కుర్చీల్లో ఇద్దరిలో ఒకాయన లేచి వచ్చాడు. వదిన ఆయనకు గొట్టం చూపించింది, ముల్లు చూపించింది, ఏదో గబగబా చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. "అమ్మా, మేము ఇక్కణ్ణించి ఇంకో చోటికి పోవాలి. ఆగలేం. మీ పిల్లలు పరుగెత్తకపోతే మిగతావాళ్ళలోంచి తీసుకుంటాం. మీ ఇష్టం" అన్నాడు.

"మిగతావాళ్ళను కూడా ఆపండి సార్."

"అది మా చేతుల్లో లేదు."

వదిన మిగతా బళ్ళ టీచర్ల వంక చూసింది. ఒకాయన చూపు తిప్పుకున్నాడు. ఇంకొకావిడ, "మా వాళ్ళు బాగానే ఉన్నారండీ" అంది. నిన్నటిదాకా వదిన కూడా ఆ మాటే అనేది. ఇప్పుడు వదిన మొహంలోకి చూడలేకపోయాను.

"అయితే నా పిల్లలు పరుగెత్తరు" అంది వదిన.

"అత్తా!"

తూనీగ అరుపుకు అందరూ ఇటు తిరిగారు. "ఏం మాట్లాడుతున్నావ్ అత్తా? మాకేం కాలేదు. చూడు, మాకేం లేదు!" అని జట్టుకు సైగ చేసింది. పిల్లలందరూ పరిగెత్తుకుంటూ వచ్చి గీత మీద వరసగా నిలబడ్డారు. భుజాలు వెనక్కి, గడ్డాలు పైకి. నోళ్ళు గట్టిగా మూసుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ముక్కుపుటాలు ఎగిసెగిసి పడుతున్నాయి, పొడుగమ్మాయి మెడలో నరాలు పొంగాయి. ఒక్కళ్ళూ కదలలేదు.

"ఆయాసం లేదు టీచర్" అని బఠాణీ చటుక్కున అని మళ్ళీ నోరు మూసేసుకుంది.

వదిన ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. నేను చెప్పిందే నిజమని ఆవిడ ఒప్పుకుంటే చాలని ఎన్నాళ్ళుగా కాచుకున్నాను! ఇప్పుడు ఎవరైనా నన్ను అబద్ధాలకోరు అంటే బాగుండుననిపించింది.

"దగ్గండి" అంది వదిన.

ఎవరూ దగ్గలేదు.

"దగ్గమన్నానా!" అని మైదానం దద్దరిల్లేలా అరిచింది.

బఠాణీ ముందు దగ్గింది. చిన్నగా, అనుమతి అడుగుతున్నట్టు. వదిన ఏమీ అనకపోయేసరికి ఇంకోసారి దగ్గింది, ఇక ఆపుకోలేకపోయింది. తరవాత పొడుగమ్మాయి. తరవాత పక్కది. ఒకరి తరవాత ఒకరు వంగిపోయారు, మోకాళ్ళ మీద చేతులు పడ్డాయి, నోళ్ళు తెరుచుకున్నాయి. ఇన్నాళ్ళు మోచేతుల్లో దాచుకున్నదంతా ఆ గీత మీద, అందరి ముందూ బయటపడింది. కుర్చీలాయన మఫ్లరు సర్దుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

తూనీగ మాత్రం వంగలేదు. పెదాలు బిగించి, కళ్ళలో నిప్పులతో మేనత్తనే చూస్తోంది. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి.

వదిన దాని ఎదురుగా వెళ్ళి నిలబడింది. "తూనీగా" అంది. అది తల అడ్డంగా ఊపింది. వదిన దాని వీపు మీద అరచెయ్యి పెట్టింది. చరచలేదు, ఊరికే పెట్టింది. ఆ చెయ్యి కింద నా కూతురు ఒక్కసారిగా రెండుగా వంగిపోయి దగ్గడం మొదలుపెట్టింది.

వెనక ఎవరో ఈల ఊదారు. మిగతా బళ్ళ పిల్లల అడుగుల చప్పుడు మా పక్కనుంచి పొగలోకి పోయింది. తూనీగ దగ్గుతూనే తల ఎత్తి చూసింది.

"అత్తా, వాళ్ళు పరిగెత్తేస్తున్నారు" అంది.

"తెలుసమ్మా. నువ్వు దగ్గు" అంది వదిన.